కొత్త ఇనుము

మొన్న బిగించిన కొత్త బ్రేకు డిస్కులకి ఎవరో నూనె పూశారు.

భాస్కర్ ఇంకోసారి వేలితో గీసి చూశాడు. ప్యాడ్లు రుద్దుకున్న మేర ఇనుము మీద నల్లటి ముద్ద పేరుకుంది. ప్యాడ్లు తాకని అంచున మాత్రం జిడ్డు ఇంకా మెరుస్తోంది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య అది చేపపొలుసులా జారింది.

అటుపక్క చక్రం కూడా ఊడదీశాడు. అక్కడా అంతే.

"అనూరాధా! నీ తమ్ముణ్ణి పిలు!"

ఆ కేకకి అనూరాధ తడిచేతులతో వాకిట్లోకి వచ్చింది. పికప్పు బండి ముందు భాగం జాకీ మీద లేచి ఉంది. ఎడమపక్క హెడ్‌లైటు ఉండాల్సిన చోట బొక్క. వంగిన బంపరు మడతలో కల్వర్టు గోడ సున్నం అలాగే ఉంది. పొద్దున్న చేపల లోడుతో శ్రీకాకుళం బయల్దేరిన బండి గార ఊరి మలుపు దగ్గర ఆగలేదు. భాస్కర్ నుదుటి మీద కుట్లతో తిరిగొచ్చాడు. పక్క సీట్లో కూర్చున్న, ఊళ్లో చేపల తట్ట మోసే నీలవేణి మాత్రం కాలు విరిగి ఆసుపత్రిలో ఉంది. భాస్కర్ తల్లి అమ్మడు ఆమె మంచం దగ్గరే ఉండిపోయింది.

"మళ్లీ ఏటైనాది?" అంది అనూరాధ.

"పిలవమన్నాను."

పిలవక్కర్లేకపోయింది. బాబీ పెరట్లోంచి వస్తూనే ఉన్నాడు. పొద్దుట్నుంచీ అతను ఏమీ తినలేదు. బావ ముఖం చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఏటి బావా?"

"ఇటు రా. ఇది ముట్టుకో."

బాబీ వంగి వేలు పెట్టాడు. చటుక్కున తీసేశాడు. ఆ వేలిని ఎండలోకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇది బ్రేకాయిల్ కాదు బావా."

"నాకు తెల్దేటి? బ్రేకాయిలు డబ్బా నిండా ఉన్నాది. పెడల్ రాయిలాగ గట్టిగున్నాది. తొక్కినాను. మళ్లీ తొక్కినాను. సీట్లోంచి లేచి తొక్కినాను. ఎనక చక్రాలు కీచుమన్నాయి గానీ ముందు చక్రాలు ఆగనేదు. ఎందుకాగనేదో ఇప్పుడు తెలిసినాది." భాస్కర్ గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తేనే ఆ ఇంట్లో అందరికీ భయం. "కొత్త డిస్కులు కంపెనీ నుంచి నూనె పూసి వస్తాయి. పెట్రోలు పెట్టి తుడిచి బిగించాల. విజయనగరంలో బ్రేకుల షాపులో ఇంతకాలం ఏటి నేర్సుకున్నావురా? టీలు అందించడమేటి?"

"తుడిసినాను బావా."

"తుడిస్తే ఇదేటి?"

"తుడిసినాడు," అంది అనూరాధ. "నా పాత సీర సింపి నేనే గుడ్డ ఇచ్చినాను. పెట్రోలు వాసనకి తలనొప్పి వచ్చి లోపలికెళ్లిపోనాను. నా కళ్లతో సూసినాను."

"నీ తమ్ముడు కదా. ఆడు సముద్రం తుడిసినాడన్నా నువ్వు సూసినానంటావు."

"నీ బండికి నా తమ్ముడు కూలోడిలాగ పనిచేసినప్పుడు తమ్ముడని గురుతు రానేదేటి?"



అరుగు మీద భాస్కర్ తండ్రి గంగులు పాత లంగరుతాడు మోచేతికి చుట్టుకుంటున్నాడు. గొడవ తనది కానట్టే కూర్చున్నాడు. బండి విషయంలో ఆయన ఎప్పుడూ అంతే. తిత్లీ తుపానుకి పక్కలు పగిలిన తన పడవని బాగుచేయిద్దామని ఆయన అంటుండగానే భాస్కర్ దాన్ని అమ్మేసి ఈ బండి తెచ్చాడు. ఆ రోజు నుంచి గంగులు దాన్ని ముట్టుకోలేదు. ఎక్కలేదు. పేరుపెట్టి పిలవలేదు. 'ఆ డబ్బా' అంటాడు. పొద్దున్న ఊళ్లో కుర్రాళ్లు మోటారుసైకిలు మీద తీసుకెళ్తామన్నా వినకుండా, బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లి నీలవేణిని చూసి వచ్చాడు.

"బావా, ఒక్కమాట ఇను," అన్నాడు బాబీ. అతను చక్రం పక్కన గొంతుకూర్చున్నాడు. "మొన్న సాయంత్రం డిస్కులు బిగించినాను. కొట్టోడు ప్యాడ్లు వేరే బండివి ఇచ్చినాడు. మార్చుకోవాలి గదా అనీసి చక్రాలు ఎక్కించకుండా ఇటకల మీద ఒగ్గేసినాను. నిన్న పొద్దున్న శ్రీకాకుళమెల్లి ప్యాడ్లు తెచ్చి ఏసి, చక్రాలెక్కించినాను."

"అయితే?"

"మన ఊళ్లో సూది బయట పడేస్తే తెల్లారేసరికి తుప్పు. తుడిసిన డిస్కు రాత్రంతా సముద్రపు గాలికి ఉంటే పొద్దున్నకి ఎర్రగా పొడి కట్టాల. అది మామూలే. రెండు బ్రేకులు కొడితే పోతాది." బాబీ తల ఎత్తాడు. "నిన్న పొద్దున్న నేనొచ్చి సూస్తే తళతళలాడతన్నాయి. అద్దాల్లాగ. మంచి సరుకు దొరికినాదని సంతోషించినాను గానీ ఎందుకు ఎర్రబడనేదని అనుమానం రానేదు."

"సేత్తో ముట్టుకోనేదేటి?"

బాబీ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ముట్టుకోకూడదు బావా. సేతి జిడ్డు తగిలితే బ్రేకు పట్టదు. మా షాపులో మొట్టమొదట నేర్పేది అదే. అంచులు పట్టుకోవాల, ముఖం ముట్టుకోకూడదు. అందుకే ముట్టుకోనేదు. ఆగుతాదో లేదో సూద్దామని వాకిట్లోనే ముందుకీ ఎనక్కీ నడిపినాను. ఆగినాది. ఎనక బ్రేకులు ఆపినాయని తెల్దు. రోడ్డు మీదకి తీసుకెల్లి గట్టిగా కొట్టి సూడాల్సింది. అది నా తప్పే. కానీ నూనె నాది కాదు."

"సేతి జిడ్డుకే బ్రేకు పట్టదేటి?" అంది అనూరాధ ఆశ్చర్యంగా.

"పట్టదక్కా. ప్యాడు ఇనుముని కొరికి పట్టుకోవాల. మధ్యలో నూనె ఉంటే జారిపోతాది. ఇంజనుకి నూనె ప్రాణం. బ్రేకుకి ఇషం."

అరుగు మీద తాడు చుట్టే చప్పుడు ఆగింది. ఎవరూ అటు చూడలేదు.

భాస్కర్ వాకిలి చుట్టూ చూశాడు. ముళ్లకంప కట్టిన ప్రహరీ. ఇనుప గేటు. పాత డిస్కులు గోడవార పడి ఉన్నాయి. ఐసునీళ్లూ ఉప్పూ తిని గాట్లు పడినవి. వాటిలో ఒకదానికి మేకని కట్టేశారు.

"రాత్రి గేటుకి లోపల్నుంచి తాళం," అన్నాడు నెమ్మదిగా. "తాళం సెవి నా మొలతాడుకి. బయటోడు రాడు. అంటే నూనె ఏసినోడు మనింట్లోనే అన్నం తింటన్నాడు."

"ఎవలు? నేనా?" అంది అనూరాధ. "నువ్వు పోతే నాకేటొస్తాది? నీ సేపల బుట్టలేటి?"

"నువ్వని అన్నానా?"

"మరి ఇంకెవలున్నారు? అత్త కాదు. తులసి కాదు. మావ నీ బండి నీడలో కూడా నడవడు. మిగిలింది నేనూ, నా తమ్ముడూ. అదేగా నీ నెక్క?"

తులసి అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. భాస్కర్ చెల్లెలు. బాబీకీ ఆమెకీ వైశాఖంలో పెళ్లి. అక్క ఈ ఇంటికి వచ్చింది, ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి వెళ్తుంది. కుండమార్పు సంబంధం. మధ్యలో ఒక తాడు తెగితే రెండు ఇళ్లూ కూలతాయని ఊళ్లో అందరికీ తెలుసు.

ఆమె మంచినీళ్ల చెంబు బాబీ చేతికిచ్చి, వంగి డిస్కు దగ్గర ముక్కు పెట్టింది.

"వాసనొస్తన్నాది అన్నా."

"సేపల బండికి సేపల వాసన రాకపోతే మల్లెపూల వాసన వస్తాదేటే?"

"ఇది సేపల వాసన కాదు."

"మరేటి?"

తులసి నోరు తెరిచింది. అంతలో ఆమె చూపు అరుగు పైన చూరు మీదకి పోయింది.

చూరుకి ఒక నల్లటి సీసా తాడుతో వేలాడుతోంది. సొరచేప నూనె. వెనకటికి చెక్క పడవలకి పూసేవాళ్లు. ఊళ్లో అన్నీ ఫైబరు పడవలయ్యాక దాని అవసరం ఎవరికీ లేదు. పడవ అమ్మినప్పటి నుంచీ ఆ సీసా మీద దుమ్ము మందంగా పేరుకుపోయింది. ఇప్పుడు దాని మెడ దగ్గర దుమ్ము లేదు. పిడికిలి పట్టినంత మేర గాజు శుభ్రంగా మెరుస్తోంది.

సీసా కింద తండ్రి. తండ్రి మోచేతికి సగం చుట్టిన తాడు. ఆయన తనవైపే చూస్తున్నాడు.

"మరేటే?" అన్నాడు భాస్కర్ మళ్లీ.

"ఏటో. తెల్దు," అంది తులసి.

ఆ గొంతులో తేడా భాస్కర్ గమనించలేదు. బాబీ గమనించాడు. ఆమె చూసిన వైపే చూశాడు. సీసా చూశాడు. సీసా కింద మనిషిని చూశాడు. అతని చేతిలోని చెంబు ఒలికి నీళ్లు కాలి మీద పడ్డాయి.

గేటు బయట మోటారుసైకిలు ఆగింది.

పోతురాజు లోపలికి వచ్చాడు. నీలవేణి మొగుడు. పొద్దుట్నుంచీ ఆసుపత్రిలో నిలబడి ఉన్న మనిషి, ఎవరైనా కూర్చోమంటే కొట్టేలా ఉన్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

"ఎలాగున్నాది అన్నా?" అంది అనూరాధ.

"కాల్లో రాడ్డు ఎయ్యాలన్నాడు డాక్టరు. నడుస్తాదంట. తట్ట ఎత్తుకోగలదా అనడిగితే ఇప్పుడే సెప్పలేనన్నాడు. నీలవేణి నెత్తిమీద తట్ట నేకపోతే నీలవేణి కాదు. మీకు తెల్దేటి?" పోతురాజు ఊడదీసిన చక్రాన్ని చూశాడు. "దొరికినాదా?"

భాస్కర్ స్పానరుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"భాస్కరూ, నువ్వు నాకు తమ్ముడి లెక్క. ఆసుపత్రిలో నీమీద సెయ్యి ఎత్తనేదు. ఇప్పుడు స్టేషనుకి ఎల్తన్నాను. ఎవడి పేరు రాయించాల? నడిపినోడిదా, బ్రేకులు కట్టినోడిదా? అదొక్కటి సెప్పు. బేగి సెప్పు."

"డిస్కులకి నూనె ఉన్నాది అన్నా," అన్నాడు భాస్కర్.

"ఎవడు ఏసినాడు?"

"అదే తేలుతన్నాది."

"ఇంకా తేలేదేటి? బ్రేకులు కట్టింది ఈ గుంటడే కదా?"

బాబీ లేచి నిలబడ్డాడు. తులసి వైపు చూడలేదు. చూస్తే మాట రాదన్నట్టు బండి టైరు వైపు చూస్తూ మాట్లాడాడు.

"నాదే అన్నా. కంపెనీ నూనె తుడవనేదు. మర్సిపోనాను."

"అబద్ధం!" అంది అనూరాధ. "ఒరే! పెట్రోలు గుడ్డ ఇంకా దడి మీదే ఉన్నాది కదరా! నీకేటైనా పట్టినాదేటి?"

"నువ్వు లోపలికెల్లిపోనావు కదక్కా. ఒక పక్కే తుడిసినాను. ఇంకోపక్క తుడవనేదు."

"రెండు పక్కలా నేను సూసినాను!"

"సూడనేదు."

"నన్ను అబద్ధాలకోరని అంటన్నావా? నీకోసం నా మొగుడితో తగువాడతంటే?"

బాబీ తల దించుకున్నాడు. భాస్కర్ అతని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరి మధ్య స్పానరు పట్టేంత ఎడం లేదు.

"ఇందాక తళతళలాడినాయన్నావు. ఎర్రబడాల్సింది అన్నావు. నూనె నాది కాదు అన్నావు. నన్ను పిచ్చోణ్ణి సేద్దామని కథ కట్టినావా?"

"ఊఁ."

"గట్టిగా సెప్పు."

"కట్టినాను."

భాస్కర్ కొట్టలేదు. కొట్టి ఉంటే అందరికీ కొంచెం ఊపిరి ఆడేది. అతను చేతిలోని స్పానరును బానెట్టు మీద నెమ్మదిగా పెట్టాడు.

"ఇన్నావు కదా పోతురాజన్నా. పేరు రాయించుకో. నేనే సాచ్చికం సెప్తాను. తులసీ, ఈడి బట్టలు ఈడికిచ్చెయ్. నూనె సేత్తో నీ మెడలో తాళి కట్టించను. వైశాఖం నేదు, పెళ్లి నేదు."

"నేనూ పెట్టె సర్దుకుంటాను అయితే," అంది అనూరాధ.

"సర్దుకో."

ఆ ఒక్క మాటా వాకిట్లో పడి ఉండిపోయింది. అనూరాధ దాన్ని ఎత్తుకోలేదు. భాస్కర్ వెనక్కి తీసుకోలేదు. మేక మాత్రం పాత డిస్కుని ఈడ్చుకుంటూ రెండడుగులు వేసింది. ఇనుము నేల మీద గరగరలాడింది.

పోతురాజు బాబీ రెక్క పట్టుకున్నాడు. "నడు."

"అన్నా!" అంది తులసి.

"ఏటే?"

ఆమె పెదవులు కదిలాయి. బాబీ ఆమె వైపు చూసి, వద్దన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపాడు. ఈసారి అది భాస్కర్ చూశాడు.

"ఏటి మీ సైగలు? తులసీ, నీకేటి తెలుసు?"

తులసి ఏడుస్తోంది. ఒకపక్క కట్టుకోబోయేవాడు, ఒకపక్క కన్నవాడు. ఎటు నోరు తెరిచినా ఒకడి పేరే బయటికి వస్తుంది.

"అడుగుతన్నాను! నీకేటి తెలుసు?"

"దాన్ని అడక్కు."

ఆ మాట అరుగు మీంచి వచ్చింది.

గంగులు మోచేతికి చుట్టిన తాడు తీసి పక్కన పెట్టాడు. చూరు నుంచి సీసా దించాడు. ముడి గట్టిగా బిగుసుకుని ఉంది. ఎవరూ వెళ్లి సాయం చెయ్యలేదు. చివరికి ముడి ఊడింది. అరుగు దిగి, వాకిలి దాటి, బండి దగ్గరికి వచ్చాడు.

వచ్చి బానెట్టు మీద అరచెయ్యి ఆనించాడు.

"అయ్యా?" అన్నాడు భాస్కర్.

అతని కళ్లు సీసా మీద లేవు. ఆ అరచేతి మీద ఉన్నాయి. ఇంతకాలంలో తండ్రి ఆ బండిని తాకడం అతను చూడలేదు.

గంగులు సీసాని బానెట్టు మీద స్పానరు పక్కన పెట్టాడు. పోతురాజు వైపు తిరిగాడు.

"ఆ గుంటణ్ణి ఒగ్గెయ్ పోతురాజూ. నన్ను కాపాడదామని అబద్ధమాడతన్నాడు. నా పేరు రాయించు. గంగులు, నూకయ్య కొడుకు. మా అయ్య పేరు కూడా రాయించు. ఈ పని నాకు నేర్పింది ఆయనే."

"ఏటి మావా, ఏటంటన్నావు?" అన్నాడు పోతురాజు. బాబీ రెక్క మీద అతని పట్టు సడలింది.

"నిన్న తెల్లారగట్ల లేసినాను. సముద్రం వేపు ఎల్దామనీసి. బండి ఇక్కడున్నాది. సక్రాలు నేకుండా, ఇటకల మీద. ఒడ్డుకి లాగి పక్కలు తీసిన పడవ ఎలాగుంటాది? అలాగే ఉన్నాది. ఇన్నాళ్లూ అది నా కంటికి డబ్బాలాగే కనిపించినాది. నిన్నే మొదటిసారి పడవలాగ కనిపించినాది. కూకుని సూసినాను. కొత్త ఇనుము. అప్పుడే ఎర్రబడతన్నాది. ఓరి నాయనో, పిల్లలు సూసుకోనేదు, ఉప్పుగాలి తినేస్తాది అనుకున్నాను. మా ఇంట్లో కొత్త ఇనుము వస్తే సొరనూనె పెట్టకుండా గాలి తగలనివ్వం. లంగరుకైనా, కత్తికైనా. మా అయ్య కొట్టి నేర్పినాడు.

"ముందు ఆ ఎరుపంతా గుడ్డపెట్టి తుడిసినాను. తరవాత నూనె. మళ్లీ తుడిసి మళ్లీ నూనె. మెరిసినాది రా భాస్కరూ. ఎంత మెరిసినాదనుకున్నావు! నీకు సెప్దామనుకున్నాను. సిగ్గేసినాది. ఇన్నాళ్లూ ముట్టుకోనోణ్ణి, ఇప్పుడు ముట్టుకున్నానంటే నవ్వుతావు అనుకున్నాను. బాబీగాడు పొద్దున్నొచ్చి అవి సూసి సంతోషపడతంటే ఈ అరుగు మీద కూకుని నాలో నేనే నవ్వుకున్నాను.

"నూనె తగిలితే ఇనుము బతుకుతాదని తెలుసు. ఆగడం మానేస్తాదని తెల్దు. ఇందాక ఈ గుంటడు సెప్పేదాకా తెల్దు. పొద్దున్న ఆసుపత్రిలో నీలవేణి ఏడుస్తా, బ్రేకులు పాడు సేసినోడి సెయ్యి పడిపోవాలని తిట్టినాది. నేనూ దాని మంచం పక్కన కూకుని దానితోపాటు తిట్టినాను.

"ఇదిగో సెయ్యి. ఈ సేత్తోనే పెట్టినాను పోతురాజూ. రెండు సక్రాలకీ, రెండు పక్కలా. మా అయ్య సూస్తే మెచ్చుకునేలాగ, ఇసుమంత సోటు కూడా ఒగ్గకుండా."